తుపాను రాకముందటి ధనము

ఇచ్ఛాపురము మొదలు తడ వరకు దాదాపు వేయి కిలోమీటర్లు వ్యాపించిన తూర్పుతీరము ఆంధ్రులకు భాగ్యప్రదాతయు, భయహేతువును అయి యున్నది. కృష్ణా గోదావరులు సముద్రములో కలియుచోట తెచ్చిపోసిన ఒండ్రుమట్టియే ఆ సీమను అన్నపూర్ణగా చేసినది. ఆ మట్టి పరచిన నేల సముద్రమట్టమునకు ఇంచుమించు సమానముగా నుండుటచేతనే ఉప్పెన వచ్చినపుడు నీటికి అడ్డు లేకపోయినది. పంటకు కారణమైన పల్లమే ప్రాణాపాయమునకును కారణమైనది. ఈ రెంటి నడుమ తరతరములుగా కాపురమున్న గ్రామములు తమ రక్షణకు ఏమి చేసికొనగలిగెను, అందుకు కావలసిన ధనము ఎవరి నుండి, ఎప్పుడు వచ్చెను అను ప్రశ్న చరిత్రకారులు తరచుగా వేసికొనని ప్రశ్న. తుపానుల చరిత్ర గాలివేగముతోను, మృతుల సంఖ్యతోను ముగియుచుండును. కాని తుపానుకు ముందు వెచ్చించిన రూపాయి చరిత్రయు, తరువాత వెచ్చించిన రూపాయి చరిత్రయు వేర్వేరు. ఆ భేదమును తెలిసికొనుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

కోరంగి, బందరు

గోదావరి ముఖద్వారమునందలి కోరంగి ఒకప్పుడు నౌకానిర్మాణమునకు పేరువడసిన రేవు. 1789వ సంవత్సరమున అచ్చట మూడు మహాతరంగములు ఒకదాని వెంట నొకటి వచ్చి పట్టణమును ముంచివేసెను. కలకత్తాలో నుండి తుపానులను గూర్చి పరిశోధించి, వానికి సైక్లోన్ అను పేరును శాస్త్రమునకు ప్రసాదించిన హెన్రీ పిడింగ్టన్ తన రచనలలో ఈ కోరంగి విపత్తును వర్ణించెను. 1839 నవంబరులో వచ్చిన మరియొక ఉప్పెనతో కోరంగి తిరిగి లేవలేని దెబ్బ తినెను. నేడు ఆ పేరు మడయడవుల వలన ప్రసిద్ధమై యున్నదిగాని ఓడల వలన కాదు.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి మచిలీపట్టణముపై పడిన ఉప్పెన అంతకంటె భయంకరమైనది. సాధారణమైన పోటుమట్టముకంటె సుమారు 13 అడుగుల ఎత్తున నీరు లేచి, కొన్నిచోట్ల పది మైళ్లకు మించి లోపలికి చొచ్చుకొని వచ్చెను. ఆ రాత్రి సుమారు 30,000 మంది మరణించిరని లెక్కింపబడినది. ఆనాడు బందరు ప్రజలకు ముందుగా హెచ్చరిక తెలుపు యంత్రాంగము లేదు. పారిపోవుటకు ఎత్తైన తావు లేదు. ఈ రెంటికిని ధనము వెచ్చింపవలసిన స్థానిక సంస్థయు గ్రామములలో లేదు. జిల్లాకు కలెక్టరు, గ్రామమునకు కరణము, మునసబు ఉండిరి. వారి పని శిస్తు వసూలు, శాంతిరక్షణము. విపత్తు గడచిన పిమ్మట శవములను తొలగించుట, ఆకలిగొన్నవారికి అన్నము పెట్టుట, శిస్తు తగ్గించుట అనునవి మాత్రమే ప్రభుత్వధర్మముగా భావింపబడుచుండెను.

ఆ సంవత్సరముననే, బందరు ఉప్పెనకు కొద్దివారముల ముందు, కలకత్తా నగరమును గొప్ప తుపాను ధ్వంసము చేసెను. తత్ఫలితముగా 1865లో కలకత్తా రేవునకు తుపాను హెచ్చరికలు తెలుపు ఏర్పాటు జరిగెను. 1875లో భారత వాతావరణ శాఖ స్థాపింపబడెను. హెచ్చరిక మొట్టమొదట రేవులకును, ఓడలకును ఉద్దేశింపబడినదను సంగతి గమనింపదగినది. తీరగ్రామమున తాటాకు గుడిసెలో నిద్రించువానికి ఆ హెచ్చరిక చేరుటకు ఇంకను శతాబ్దకాలము పట్టవలసి యుండెను.

కరవు నేర్పిన పాఠము

తుపాను విషయమున లేని ముందుచూపు కరవు విషయమున ముందుగా కలిగెను. 1876 నుండి 1878 వరకు దక్షిణాపథమును, ముఖ్యముగా రాయలసీమను దహించిన మహాక్షామమునందు లక్షలాది ప్రజలు మరణించిరి. అంతట 1878లో భారత ప్రభుత్వము ప్రతివత్సరము కోటి యేబది లక్షల రూపాయలను క్షామనివారణార్థము ప్రత్యేకించు పద్ధతి నేర్పరచెను. దీనికి కరవు భీమా గ్రాంటు అని పేరు. వానలు కురిసిన సంవత్సరములందు ఆ ధనముతో రక్షణాత్మకములైన కాలువలు, రైలుమార్గములు నిర్మించి, కరవు వచ్చినపుడు దాని తీవ్రతను తగ్గింపవలెననునది ఉద్దేశము. 1880లో క్షామ సంఘము తన నివేదికను సమర్పించెను. 1883లో క్షామ నిబంధనావళి సిద్ధమయ్యెను. ఏ లక్షణములు కనుపించినపుడు ఏ అధికారి ఏ పనిని ఆరంభింపవలెనో అందు వివరింపబడినది.

అయితే ఆ గ్రాంటు చరిత్రలోనే ఒక హెచ్చరికయు ఇమిడి యున్నది. ఏర్పడిన స్వల్పకాలముననే ఆ ధనమును ఆఫ్ఘన్ యుద్ధవ్యయముల ఒత్తిడిలో ఇతర ప్రయోజనములకు మరలించుచున్నారని తీవ్రమైన విమర్శ బయలుదేరెను. వానలు బాగుగా కురియు కాలమున కరవునిధి అనవసరముగా కనుపించును; ఇతరావసరములు అత్యవసరములుగా తోచును. సంసిద్ధతకై కేటాయించిన ధనమునకు శత్రువు శాంతికాలమే. ఈ సత్యము కరవుకు ఎంత వర్తించునో తుపానుకును అంతే వర్తించును.

కరవు మెల్లగా వచ్చు విపత్తు. అది రాజకోశమును నెలల తరబడి పీల్చివేయును. కనుక పాలకులు దానికి ముందుగా సిద్ధపడిరి. తుపాను ఒక్క రాత్రిలో వచ్చి పోవును. చనిపోయినవారు పోగా మిగిలినవారికి కొద్దివారముల సహాయము చాలునని తలంపబడెను. ఈ తలంపే తీరగ్రామములకు శతాబ్దకాలము శాపమయ్యెను.

పంచాయతీలు వచ్చెను, విధి రాలేదు

1884 నాటి మద్రాసు స్థానిక సంస్థల చట్టముతో జిల్లా బోర్డులు, తాలూకా బోర్డులు ఏర్పడెను. బాటలు, దీపములు, నూతులు, ఆస్పత్రులు, పాఠశాలలు వాని విధులయ్యెను. స్వాతంత్ర్యానంతరము 1950 నాటి మద్రాసు గ్రామ పంచాయతీల చట్టము, 1959లో షాద్‌నగరమున జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించిన పంచాయతీరాజ్య వ్యవస్థ, 1964 నాటి ఆంధ్రప్రదేశ్ గ్రామ పంచాయతీల చట్టము గ్రామమునకు క్రమముగా కాళ్లు చేతులు కల్పించెను. పంచాయతీ సమితులకు ప్రభుత్వ గ్రాంటులు రాసాగెను. ఆ గ్రాంటులతో పాఠశాలకు గదులు, పొలములకు దారులు, పేటలకు మంచినీటి నూతులు లభించెను. తుపానునుండి రక్షించు కట్టడమునకు మాత్రము ఏ పద్దునందును స్థానము లేదు.

1969వ సంవత్సరమున మే నెలలో నొకటి, నవంబరులో నొకటి, రెండు తీవ్రమైన తుపానులు ఆంధ్రతీరమును తాకెను. అప్పుడు తుపాను బాధల ఉపశమనమునకై ఒక సంఘము నియమింపబడెను. సుప్రసిద్ధ వాతావరణ శాస్త్రవేత్త, ఆంధ్రుడు అయిన డాక్టరు పి. కోటేశ్వరం దానికి అధ్యక్షుడు. 1971లో ఆ సంఘము నివేదిక సమర్పించెను. హెచ్చరికలను త్వరగా అందజేయుట, తీరమున రక్షణ కట్టడములు నిర్మించుట, చెట్లబారులు పెంచుట వంటి విషయములు ఆనాటికే నిపుణులకు విదితములు. చేయవలసినదేమో తెలియక చేయకపోవుట వేరు. తెలిసియు చేయలేకపోవుట వేరు. 1971 మొదలు 1977 వరకు గడచిన ఆరేండ్లు ఈ రెండవ కోవకు చెందినవి.

దివిసీమ

1977 నవంబరు 19వ తేదీన కృష్ణానది రెండు పాయల నడుమనున్న దివిసీమపై ఉప్పెన విరుచుకొని పడెను. సుమారు 5 మీటర్ల ఎత్తున సముద్రము భూమిమీదికి వచ్చెను. నాగాయలంక, కోడూరు ప్రాంతములందు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకొని పోయెను. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి పేర్లు ఆనాటినుండి తెలుగుదేశమంతటను దుఃఖముతో ఉచ్చరింపబడినవి. అధికారుల లెక్క ప్రకారమే మృతులు సుమారు 10,000. మంచినీటి చెరువులు ఉప్పుబారెను. పంటభూములలో ఇసుక మేటవేసెను. ఆనాడు రాష్ట్రమంత్రిగా నుండిన అవనిగడ్డ శాసనసభ్యులు మండలి వెంకటకృష్ణారావు ఆ ప్రజల నడుమ నుండి చేసిన సేవ దివిసీమ నేటికిని మరువలేదు.

తుపాను వచ్చుచున్నదను వార్త ఆకాశవాణిలో రాకపోలేదు. అయితే రేడియో లేని పల్లెలు పెక్కు. వార్త విన్నవారికిని ఎక్కడికి పోవలెనో తెలియదు. దేవాలయము, పాఠశాల, ఊరిలో ఒకటో రెండో డాబాయిండ్లు తప్ప ఎత్తైన గట్టి తావు లేదు. హెచ్చరిక అనునది ఒక ప్రశ్న. ఆశ్రయము దానికి సమాధానము. సమాధానము లేని ప్రశ్నను వినుటవలన భయమే గాని రక్షణ కలుగదు. ఆ దినమున పంచాయతీ సభ్యులెవ్వరును తమ విధిని మరచినవారు కారు. వారికట్టి విధిని చట్టము చెప్పలేదు. అందుకు ధనమును ప్రభుత్వము ఇయ్యలేదు.

ఉప్పెన తరువాత దేశము నలుమూలలనుండి, విదేశములనుండి సహాయము వెల్లువగా వచ్చెను. బియ్యము, బట్టలు, మందులు వచ్చెను. స్వచ్ఛంద సంస్థలు ఊళ్లను తిరిగి కట్టించెను. ఔదార్యమునకు లోటు లేదు. కాని మృతుల కుటుంబములకు ఆ ఔదార్యము ఒకరోజు ఆలస్యముగా వచ్చినది. ఆనాడు పంచబడిన సహాయములో స్వల్పభాగము అంతకు పూర్వమే మెరకమీది భవనములుగా మారియుండినచో ఎందరు బ్రతికియుండెడివారో ఊహించుటయే కష్టము.

స్తంభములపై నిలిచిన ఇండ్లు

1977 తరువాత తీరమున ఒక క్రొత్తరకపు కట్టడము కనుపింపసాగెను. ప్రభుత్వము కొన్నింటిని, స్వచ్ఛంద సంస్థలు కొన్నింటిని నిర్మించెను. జనులు వానిని తుపాను షెల్టర్లని పిలిచిరి. కట్టడపు రహస్యము సులభమైనది. క్రిందిభాగము గోడలు లేక స్తంభములతో మాత్రమే ఉండును. ఉప్పెననీరు వానిమధ్యగా దూసికొనిపోవును. మనుష్యులు పై అంతస్తులో ఉందురు. అవసరమైనచో మేడమీదికి ఎక్కుటకు మెట్లుండును. గాలితాకిడిని తగ్గించుటకు కొన్నింటిని గుండ్రముగాను, పలుమూలలుగాను నిర్మించిరి. మామూలు దినములలో అవి బడులుగాను, అంగన్వాడీలుగాను, పంచాయతీ కార్యాలయములుగాను ఉపయోగపడెను.

ఇదే కాలమున మరి రెండు మార్పులు జరిగెను. 1985లో తాలూకాల స్థానమున మండలములు ఏర్పడెను. పూర్వము అవనిగడ్డలోని ఒక్క తాలూకా కచేరియే దివిసీమకంతటికిని దిక్కు. ఇప్పుడు నాగాయలంకకు, కోడూరునకు, మోపిదేవికి వేర్వేరు అధికారులు వచ్చిరి. అధికారి ఊరికి దగ్గరగా వచ్చుట ఆజ్ఞ ఊరికి త్వరగా వచ్చుటయే. రెండవది, ఇన్సాట్ ఉపగ్రహము ద్వారా తుపాను హెచ్చరికలను నేరుగా తీరప్రాంత కార్యాలయములకు స్థానికభాషలో పంపు పద్ధతి 1985 ప్రాంతమున ప్రారంభమయ్యెను. తంతితీగలు తెగినను హెచ్చరిక ఆగదు.

ఈ మార్పుల విలువ 1990 మే నెలలో తేలెను. మే 9వ తేదీన కృష్ణానది ముఖద్వారమునకు సమీపమున తీరము దాటిన తుపాను 1977 నాటిదానితో పోల్చదగిన ప్రచండమైనది. కాని ఈసారి తుపాను తాకుటకు ముందే 6 లక్షలకు పైగా ప్రజలు పల్లపుటూళ్లనుండి తరలింపబడిరి. మృతుల సంఖ్య వేయికి లోపుననే ఆగెను. ఒక్క మరణమైనను దుఃఖకరమే. అయినను పదివేలకును, వేయికిని గల అంతరము దైవవశమున కలిగినది కాదు. ఆ అంతరమును పదమూడేండ్లలో నిర్మించిన కట్టడములు, బాటలు, హెచ్చరిక యంత్రములు, ఇల్లిల్లు తిరిగి జనులను కదల్చిన గ్రామోద్యోగులు, గ్రామపెద్దలు కల్పించిరి.

1996 నవంబరు 6వ తేదీనాటి కోనసీమ తుపాను మరియొక పాఠము నేర్పెను. అప్పటికి భవనములు కలవు, హెచ్చరికలు కలవు. కాని సముద్రముమీద వేటకు పోయిన మత్స్యకారులు భవనములను చేరలేరు. మృతులును, జాడ తెలియనివారును పెక్కురు. కొబ్బరితోటలు నేలకొరిగెను. తీరమున ఇటుకసున్నముతో కట్టిన రక్షణ, పడవలోనున్నవానికి వార్త అందించు రక్షణను కూడ తనతో కలుపుకొననిదే సంపూర్ణము కాదని తేలెను. సంసిద్ధత ఒక్కసారి కొని భద్రపరచు వస్తువు కాదు. ప్రతి విపత్తు అందలి లోటునొక్కటిని చూపి పోవును.

ధనము నడచిన బాట

భవనములకు ధనము ఎట్లు వచ్చినదను విషయమును ఇక పరిశీలింపవచ్చును. స్వతంత్ర భారతమున విపత్తులకు సంబంధించిన ధనవిభజనమును ఆర్థిక సంఘములు నిర్ణయించుచు వచ్చెను. 1957లో అమలునకు వచ్చిన రెండవ ఆర్థిక సంఘపు నిర్ణయముతో, రాష్ట్రములు విపత్తు వ్యయములకై కొంత మొత్తమును ప్రత్యేకించుకొను పద్ధతి ఏర్పడెను. దీనిని మార్జిన్ ధనమనిరి. ఆ మొత్తము మించినపుడు రాష్ట్రము ఢిల్లీని అర్థింపవలెను. కేంద్ర బృందము వచ్చి నష్టమును చూడవలెను. పిమ్మట సహాయము మంజూరు కావలెను. నష్టము ఎంత పెద్దదిగా చూపబడిన సహాయము అంత పెద్దదిగా వచ్చునను భావము దీనివలన ప్రబలెను. నష్టమును ముందుగా తగ్గించిన రాష్ట్రమునకు ఈ పద్ధతిలో ప్రోత్సాహము లేదు.

తొమ్మిదవ ఆర్థిక సంఘపు సిఫారసుతో 1990లో విపత్తు సహాయ నిధి ఏర్పడెను. అందు నూటికి 75 పాళ్లు కేంద్రము, 25 పాళ్లు రాష్ట్రము వేయవలెను. ప్రతివత్సరము నిశ్చితముగా ధనము చేరుట గొప్ప మేలు. కాని ఆ నిధి తక్షణ సహాయమునకే గాని ముందు జాగ్రత్తలకు వినియోగింపరాదని నిబంధన. సంసిద్ధతకు కావలసిన వ్యయమును రాష్ట్ర ప్రణాళికలలోనుండియే చూచుకొనవలెను. పడిన ఇంటికి పరిహారము నిధినుండి వచ్చును. పడకుండ కాపాడు గోడకు రాదు. ఈ నిబంధనకు తగిన హేతువు లేకపోలేదు. సహాయధనమును ఇతర పనులకు మరలించి, ఆపత్కాలమున చేతులు చాచి నిలువరాదనునదే ఆ హేతువు. కరవు భీమా గ్రాంటు చరిత్ర ఎరిగినవారు దానిని నిందింపజాలరు. అయినను దాని ఫలితము తీరగ్రామములకు చేటే అయ్యెను.

ఇట్లు సంసిద్ధతకై పెద్ద ధనము అంతర్జాతీయ రుణసహాయమునుండియే రావలసివచ్చెను. 1990 తుపాను తరువాతను, 1996 తుపాను తరువాతను ప్రపంచ బ్యాంకు సహాయముతో పునర్నిర్మాణ కార్యక్రమములు నడచెను. 2011లో ఆంధ్రప్రదేశ్, ఒడిశా రాష్ట్రములలో జాతీయ తుపాను ముప్పు ఉపశమన పథకపు మొదటి దశ ప్రారంభమై 2018లో ముగిసెను. బహుళ ప్రయోజన రక్షణ భవనములు, వానిని చేరుటకు బాటలు, వంతెనలు, ఉప్పునీటిని అడ్డు కరకట్టలు ఈ పథకమున నిర్మింపబడెను. భవనము కట్టినచాలదు, దానికి దారియు కావలెనను మాట అల్పముగా తోచును. కాని తుపానురాత్రి, మోకాలిలోతు బురదలో, పిల్లలను ముసలివారిని మోసికొనిపోవువారికి ఆ మాట విలువ తెలియును.

తాళపుచెవి ఎవరి చేతిలో?

పాత భవనముల గతి ఒక గుణపాఠము. 1977 తరువాత కట్టిన పెక్కు భవనములు సముద్రపు ఉప్పుగాలికి శిథిలములయ్యెను. కాంక్రీటు పెచ్చులూడెను, లోపలి ఇనుపచువ్వలు తుప్పుపట్టి ఉబ్బెను. తలుపులు, కిటికీలు మాయమయ్యెను. చేతిపంపులు పనిచేయుట మానెను. కట్టుటకు దాతలు కలరు. సున్నము వేయుటకు దాతలు లేరు. శంకుస్థాపనకు శిలాఫలకమున్నది గాని మరమ్మతునకు శిలాఫలకము ఎవ్వరును వేయింపరు. గ్రామ పంచాయతీకి ఇంటిపన్ను వసూలుతో వీధిదీపములు, పారిశుద్ధ్యము నడుచుటయే కష్టముగా నుండగా, పది పదిహేనేండ్లకొకసారి ఉపయోగపడు భవనమును ఏటేట కాపాడు శక్తి ఎక్కడిది?

ఈ లోపమును గుర్తించియే 2011 నాటి పథకమున ప్రతి రక్షణ భవనమునకు గ్రామస్థులతో కూడిన నిర్వహణ సంఘమును, దాని చేతికి మూలధనమును ఏర్పరచు పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఆ మూలధనముపై వచ్చు వడ్డీతోను, భవనమును శుభకార్యములకు అద్దెకిచ్చుటవలన వచ్చు రాబడితోను మరమ్మతులు చేయింపవలెనని ఉద్దేశము. పెండ్లి జరిగిన ఇల్లు పాడుపడదు. ప్రతిదినము వాడబడు కట్టడమే ఆపద్దినమున వాడుటకు యోగ్యముగా నిలుచును. తాళపుచెవి ఎవరివద్ద నున్నదో ఊరిలో పదిమందికి తెలిసియుండుట ఒక యంత్రముకంటె విలువైన రక్షణ.

చట్టమును, పంచాయతీయు

1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి నొసగెను. పదునొకండవ షెడ్యూలులో 29 విషయములు వానికి అప్పగింపదగినవిగా పేర్కొనబడెను. త్రాగునీరు, రహదారులు, గృహనిర్మాణము, సామాజిక ఆస్తుల సంరక్షణ అందు కలవు. తుపానులుగాని, వరదలుగాని, విపత్తు రక్షణగాని ఆ 29లో లేవు. ఇది యాదృచ్ఛికమైనను చారిత్రకముగా అర్థవంతమైనది. విపత్తు అనునది పైనుండి వచ్చు అధికారులు చూచుకొనవలసిన పనియను పాతభావము రాజ్యాంగసవరణకాలమునకును పూర్తిగా పోలేదు.

1999లో ఒడిశాను ధ్వంసము చేసిన మహాతుపాను, 2004 డిసెంబరు 26వ తేదీ సునామీ దేశమును మేల్కొలిపెను. 2005లో విపత్తు నిర్వహణ చట్టము వచ్చెను. ఆ చట్టపు 41వ పరిచ్ఛేదము స్థానిక సంస్థల విధులను స్పష్టముగా నిర్దేశించినది. తమ ఉద్యోగులకు విపత్తు విషయమున శిక్షణ నిప్పించుట, సాధనములను ఎల్లవేళల ఉపయోగమునకు సిద్ధముగా నుంచుట, నిర్మాణములు నిర్ణీత ప్రమాణములకు అనుగుణముగా నుండునట్లు చూచుట, సహాయ కార్యక్రమములు నడుపుట ఆ విధులు. 1977లో లేని విధి 2005లో వ్రాతపూర్వకముగా వచ్చెను. అయితే విధితోపాటు నిధి రాలేదు.

నిధి మెల్లగా వచ్చెను. పదవ ఆర్థిక సంఘము మొట్టమొదటిసారిగా పంచాయతీలకు గ్రాంటును సిఫారసు చేసెను. పదమూడవ సంఘము విపత్తు సంసిద్ధతా శిక్షణకై దేశమంతటికిని 525 కోట్ల రూపాయలు ప్రత్యేకించెను. ఆంధ్రుడైన వై.వి. రెడ్డి అధ్యక్షత వహించిన పదునాల్గవ సంఘము 2015 నుండి 2020 వరకు గ్రామ పంచాయతీలకు 2 లక్షల కోట్లకు పైగా రూపాయలను సిఫారసు చేసెను. పదునైదవ సంఘము 2021–26 కాలమునకు రాష్ట్రముల విపత్తు నిధులను రెండుగా విభజించెను. నూటికి 80 పాళ్లు ప్రతిస్పందనకు, 20 పాళ్లు ఉపశమనమునకు అని నిర్ణయించెను. ఆ 80లో 10 పాళ్లను సంసిద్ధతకును, శిక్షణకును కేటాయించెను. విపత్తు రాకముందే వెచ్చింపదగిన ధనమునకు ఒక జాతీయ పద్దు ఏర్పడుట 1864 బందరు ఉప్పెననుండి లెక్కించిన నూటయేబదియేండ్లకు పైబడిన నిరీక్షణకు ఫలము. పంచాయతీల గ్రాంటులో 60 పాళ్లు త్రాగునీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడి యుండగా, మిగిలిన 40 పాళ్లను గ్రామము తన అవసరమును బట్టి వెచ్చించుకొను స్వేచ్ఛ ఏర్పడెను.

ఈ స్వేచ్ఛయే ఇక పరీక్ష. సిమెంటు బాట ఎల్లరకును కనుపించును. ఎన్నికల నాటికి అది సాక్ష్యము చెప్పును. మురుగుకాలువ పూడిక తీయించుట, రక్షణ భవనపు మెట్లకు కటకటాలు వేయించుట, ఊరిలో వృద్ధులు, గర్భిణులు, నడవలేనివారు ఎవరెవరో పట్టిక వ్రాసి ఉంచుట కనుపింపని పనులు. అవి సఫలమైనపుడు ఏమియు జరుగదు. ఏమియు జరుగకపోవుటయే వాని విజయము. అట్టి విజయమునకు చప్పట్లు కొట్టు అలవాటు జనులలో కలుగనిదే సర్పంచి ఆ పనికి ధనము వెచ్చించుటకు వెనుదీయకమానడు.

సరిహద్దునకు ఆవల ఒక ఉదాహరణము కలదు. ఒడిశా తీరమున నోలియాలని పిలువబడు తెలుగు మత్స్యకారులు తరతరములుగా నివసించుచున్నారు. 2020లో ఆ రాష్ట్రపు తీరగ్రామములైన నోలియాసాహి, వెంకటరాయపురములను ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సంస్థకు చెందిన సముద్రశాస్త్ర సంఘము సునామీకి సంసిద్ధములైన గ్రామములుగా గుర్తించెను. ముప్పుపటములు, తప్పించుకొను దారులను చూపు గుర్తులు, గ్రామస్థుల అభ్యాసములు మొదలైనవి ఆ గుర్తింపునకు ఆధారములు. వీనిలో ఏదియు అధికవ్యయసాధ్యము కాదు. కావలసినది క్రమము తప్పని శ్రద్ధ.

గ్రంథాలయమునకు గల సంబంధము

ఈ చరిత్ర గ్రంథాలయపు రజతోత్సవ సంచికకు అప్రస్తుతము కాదు. తెలుగుదేశమున గ్రంథాలయములు చందాలతో పుట్టెను. ఒక దాత ఉత్సాహము తగ్గినంతనే తలుపులు మూతపడిన పఠనమందిరములు ఎన్నియో కలవు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయముల చట్టము ప్రకారము ఇంటిపన్నుతోపాటు వసూలగు గ్రంథాలయ పన్ను వ్యవస్థకు నిలుకడ నిచ్చెను. ఏటేట వచ్చు కొద్దిధనము ఒక్కసారి వచ్చు గొప్పవిరాళముకంటె మేలని గ్రంథాలయోద్యమము ఆంధ్రులకు నేర్పినది. తుపాను సంసిద్ధతయు అంతియే. ఉప్పెన తరువాత వచ్చు కోట్లకంటె, ఉప్పెనకు ముందు ఏటేట వెచ్చించు వేలు ఎక్కువ ప్రాణములను కాపాడును.

పంచాయతీ రేడియో చుట్టు కూర్చుండి ఊరిజనము వార్తలు వినిన కాలము గడచినది. నేడు హెచ్చరిక చేతిఫోనులోనికే వచ్చుచున్నది. అయినను ఆ హెచ్చరికను నమ్మి ఇల్లు విడిచి కదలుటకు జ్ఞాపకము అవసరము. 1977 ఉప్పెనను కన్నులార చూచినవారు ఒక్కరొక్కరుగా తరలిపోవుచున్నారు. వారి జ్ఞాపకమును వ్రాసి, అచ్చువేసి, బీరువాలో భద్రపరచి, అడిగిన బాలునకు అందించుట గ్రంథాలయధర్మము. భవనము శరీరమును కాపాడును. జ్ఞాపకము ఆ భవనమువైపు అడుగు వేయించును. ఆ రెంటిని పోషించు గ్రామము సముద్రము ప్రక్కన నిర్భయముగా నిద్రింపగలదు.